బాప్తిస్మపు తొట్టిలో నా వివేచన

నా జీవితంలో నేను ఒక్కసారే దాక్కున్నాను. ఆ ఒక్కసారికే నా కోటు, నా పరువు, మా వంశం నాలుగు తరాలుగా కాపాడుకొస్తున్న నిటారుతనం, మూడూ కలిసి మునిగిపోయాయి. ఎంత లోతున మునిగాయో కూడా చెప్పగలను: కూర్చున్న మనిషికి గడ్డం దాకా. చదివేవారు నవ్వుకోవచ్చు. నవ్వవద్దని అడిగే హక్కు నాకు ఆ శనివారంతోనే పోయింది. ఒక్కటే మనవి. ఈ కథలో నవ్వుకు సంబంధం లేని మాటలు కొన్ని ఉన్నాయి. అవి వచ్చినప్పుడు కాస్త ఆగి చదవండి.

ముందు నేనెవరో చెప్పాలి. చెప్పకపోతే పడ్డది ఎంత ఎత్తు నుంచో మీకు తెలియదు.

గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో మా ముత్తాతగారు రాతి చర్చి కట్టించారు. అందులో మొదటి బెంచీ మాది. దాని వీపు మీద మా ఇంటిపేరు చెక్కి ఉండేది. నెలల పసివాడిగా నన్ను ఆ బెంచీ ముందు ఎత్తి పట్టుకుని, వెండి గిన్నెలో నీళ్ళు తెచ్చి, నుదుటి మీద మూడు చుక్కలు చల్లి బాప్తిస్మం ఇచ్చారు. ఆ తర్వాత భూములను వ్యాజ్యాలు తిన్నాయి, తోటలను వరదలు తిన్నాయి, మిగిలిన దాన్ని మా తాతగారి దర్జా తినేసింది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే సామెత ఉంది కదా. మా తాతలు తాగిన మాట నిజం. వాసన చూడమని నేను ఊరంతా తిరిగి అడిగిన మాటా నిజమే. మా నాన్నగారు పొట్ట చేతపట్టుకుని రాయపూర్ వచ్చి బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరారు. నేను టాటీబంధ్‌లో ఒక లారీల ఆఫీసులో, ఏ బండి ఎప్పుడు బయలుదేరిందో రాసే ఉద్యోగం చేశాను. ఆస్తి అనదగ్గవి నాకు రెండే దక్కాయి: మా తాతగారి నల్ల ఉన్ని కోటు, వంగని వెన్ను.

రాయపూర్ రాజధాని అయిన కొత్తలో మా తెలుగు సంఘం రైల్వే కాలనీ పక్కన రేకుల హాల్లో కూడుకునేది. వచ్చేవాళ్ళంతా రైల్వే వాళ్ళు. గార్డులు, ఫిట్టర్లు, లైను మీద పనిచేసేవాళ్ళు. అక్కడ బెంచీలు లేవు, చాపలే. నాకు మాత్రం గోడ పక్కన ఒక ఇనుప కుర్చీ వేసేవారు. "జయానందం గారికి మోకాళ్ళు బాగోవు" అని అందరూ అనుకున్నారు. నా మోకాళ్ళు బ్రహ్మాండంగా ఉండేవి. వంశమే కింద కూర్చోనివ్వలేదు.

పాట మొదలైతే హాలంతా చప్పట్లు. చేతులు పైకి లేచేవి, కళ్ళ నీళ్ళు కిందికి కారేవి. నేను మాత్రం ప్లాట్‌ఫారం మీద సిగ్నల్ స్తంభంలా నిలబడేవాణ్ణి. ఒక తేడా, సిగ్నల్ అప్పుడప్పుడైనా చెయ్యి దించుతుంది, ఎత్తుతుంది.

"మీరు పాడుతున్నారో, పాటకు కాపలా కాస్తున్నారో తెలియడం లేదండీ" అనేది నా భార్య రత్నం.

"దేవుడు చెవిటివాడు కాదు. ఎగరనక్కర్లేదు" అనేవాణ్ణి.

"రాజైనవాడే దేవుని మందసం ముందు ఒళ్ళు మరిచి నాట్యమాడాడట. మనం రాజుల కంటే ఎక్కువా?"

మేము రాజుల కంటే ఎక్కువో కాదో ఆలోచించడానికి నాకు కొంత సమయం పట్టింది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఇక సుందరమ్మ సంగతి. శ్రీకాకుళం వైపు మనిషి. రైల్వే యార్డులో పెట్టెలు కడిగే పని. భర్త లైను మీద పని చేస్తూ రెండేళ్ళ కిందట రైలు కిందపడి పోయాడు. ఆరాధన మొదలయ్యే వేళకు ఆమె కంజీర పట్టుకుని ముందు చాప మీదికి వచ్చేది. మొదటి పాటకు కంజీర, రెండో పాటకు కంజీరతో పాటు కాళ్ళు, మూడో పాటకు ఆమె ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు, ఆమెకు కూడా. ఒక ఆదివారం మూడో పాటలో ఆ కంజీర గాలిలో గిర్రున తిరిగి నా కళ్ళజోడును ఎత్తుకెళ్ళి అవతలి గోడకు కొట్టింది.

పాట ఆగింది. సుందరమ్మ పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో పెద్దయ్యగోరూ! పగిలిపోనాదేటి? మాఫ్ సెయ్యండి బాబూ. పాటొచ్చిందంటే నాకు ఒళ్ళు తెల్దు."

"ఒళ్ళు తెలియకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి" అన్నాను.

మా పాస్టరుగారి పేరు ప్రకాశం. నాకంటే పదేళ్ళు చిన్న, నెమ్మదస్తుడు. కూడిక అయిపోగానే ఆయన దగ్గరికి వెళ్ళాను, కళ్ళజోడులో మిగిలిన ఒక అద్దంతో.

"అయ్యగారూ, ఇది ఆరాధన కాదు, ప్రదర్శన. ఆత్మలను వివేచించాలని వాక్యమే చెబుతోంది. ఆ వరం నాకుంది. ఆవిడ చేసేది జనం కోసం."

"అంత గట్టిగా తెలుసా ఆనందం గారూ?"

"కళ్ళారా చూశాను."

"ఏ కంటితో?" అన్నారాయన, నా పగిలిన అద్దం వైపు చూస్తూ. వెంటనే నవ్వు ఆపుకున్నారు. "సరే. మీరు సంఘ పెద్ద. మీ మాట తీసేయలేను. ఇవి ఈస్టరు ముందటి నలభై శ్రమల దినాలు కాబట్టి పండుగ దాకా కంజీర బీరువాలో పెట్టిస్తాను, ఎవరూ తప్పు పట్టరు. ఈలోగా మీరు కనిపెట్టండి. అది జనం కోసమేనని సాక్ష్యంతో చెబితే, కంజీర ఇక బయటికి రాదు. ఆవిణ్ణి వెనక చాప మీద కూర్చోమని నేనే చెబుతాను. కాని సాక్ష్యం కావాలి. అనుమానం చాలదు."

ఆ మాటలు ఆయన సుందరమ్మకు కూడా చెప్పారు. ఆమె కంజీర తన కొంగుతో తుడిచి ఇచ్చిందట.

ఇక చూడండి నా వివేచన! లారీల ఆఫీసు నోటు పుస్తకం ఒకటి ఇందుకోసం కేటాయించాను. "కళ్ళు మూసుకునే ఉంది. కాని కొంగు జారితే సర్దుకుంది. ఒళ్ళు తెలుస్తోందన్నమాట. అనుమానాస్పదం." "ఏడ్చింది. ఏడుస్తూనే పక్కావిడ పిల్లకు ముక్కు తుడిచింది. ఇంకా అనుమానాస్పదం." పోలీసులు నన్ను చూసి నేర్చుకోవలసిన స్థాయికి చేరాను.

ఒకరోజు రత్నాన్ని వెంటబెట్టుకుని సుందరమ్మ క్వార్టరుకే వెళ్ళాను. ఒకటే గది. టీ పెట్టింది, ముర్రా, అంటే మన మరమరాలు, వేయించి పళ్ళెంలో పోసింది. నేను గొంతు సవరించుకుని అడిగాను.

"సుందరమ్మా, నువ్వు ఎగిరేటప్పుడు ఎవరిని తలుచుకుంటావు?"

"తలుసుకుంటే ఎగరలేనండి. ఎగిరితే తలుసుకోలేను" అంది. నేనది పుస్తకంలో రాసుకుంటుంటే, మెల్లగా అడిగింది: "పెద్దయ్యగోరూ, ఆ బీరువాలో సెద ఏటి లేదు గదండీ? తోలు వాద్యం. సెద పడితే మరి పలకదు."

బయటికి రాగానే రత్నం అంది. "ఇంకా ఏం కనిపెట్టాలండీ?"

"నీకు తెలియదు. మనిషి నిజం నలుగురిలో తెలియదు. ఒంటరిగా ఉన్నప్పుడే తెలుస్తుంది."

"ఒంటరిగా ఉన్న ఆడమనిషిని మీరెలా చూస్తారు? మీరు చూస్తే ఆవిడ ఒంటరి ఎలా అవుతుంది?"

ఆ ప్రశ్నలో నా కథంతా ఉంది. నేను గమనించలేదు. పెద్దల మాట చద్దిమూట అంటారు, భార్య మాటా అంతే, నేను ఎప్పుడూ వేడన్నానికే అలవాటు పడ్డవాణ్ణి.

ఈస్టరుకు ముందు శనివారం. సుందరమ్మ ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికి హాలు ఊడ్చి కడుగుతుంది. పాస్టరుగారు అభన్‌పూర్‌లో ఒక ఇంటి ప్రార్థనకు వెళ్ళారు, అయిదింటికి పాటల సాధన కోసం తిరిగొస్తారు. అంటే రెండు గంటలు హాల్లో ఆమె తప్ప ఎవరూ ఉండరు. దాక్కోవడానికి చోటు? వేదిక ముందు నేలలో బాప్తిస్మపు తొట్టి ఉంది. నిలువెత్తు లోతు ఉండదు, మనిషి కూర్చుంటే సరిపోతుంది. పైన నాలుగు సాల్ కలప చెక్కలు, చెక్కల మీద తివాచీ. ఎండిన తొట్టి. ఇంతకంటే ఏం కావాలి?

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. రేపు ఈస్టరు అని నాకు తెలుసు. ఇద్దరికి బాప్తిస్మం ఉందని తెలుసు. మా సంఘంలో నిలువునా ముంచి బాప్తిస్మం ఇస్తారని, అందుకు నీళ్ళు కావాలని కూడా తెలుసు. ఆ నీళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఆ తొట్టిలోకి రావలసి ఉంటుందన్న సంగతి మాత్రం వివేచన వరం ఉన్న నా బుర్రకు తట్టలేదు. వెండి గిన్నెలో మూడు చుక్కలతో పని ముగించుకున్న వంశం మరి!

రెండున్నరకే వెళ్ళాను. దాక్కోవడానికైనా సరే, దేవుని మందిరంలోకి కోటు లేకుండా వెళ్ళడం మా ఇంటావంటా లేదు కనుక ఏప్రిల్ ఎండలో ఉన్ని కోటు వేసుకునే వెళ్ళాను. తివాచీ మడిచి, ఒక చెక్క జరిపి, లోపలికి దిగి, చెక్కను మళ్ళీ నెత్తి మీదికి లాక్కున్నాను. లోపల చీకటి, ఉక్క. చెక్కకున్న చిల్లులోంచి నాణెమంత వెలుగు. నా తల మోకాళ్ళ మధ్యకు వచ్చింది. మొట్టమొదటిసారి నా వెన్ను వంగింది, అదీ ఎవరూ చూడకుండా.

మూడింటికి అడుగుల చప్పుడు. గుమ్మం దగ్గర ఆగింది. కాసేపటికి లోపలికి వచ్చింది.

"ఎవరండీ?" అంది సుందరమ్మ గొంతు.

నేను ఊపిరి బిగబట్టాను.

అడుగులు వేదిక దాకా వచ్చి, ఆగి, వెనక గుమ్మం వైపు వెళ్ళాయి. ఎక్కడో మోటారు గుర్రుమంది. ఆ మరుక్షణం సరిగ్గా నా కాలరు వెనక ఉన్న గొట్టం దగ్గింది. నేను తిరిగి చూసేలోపే భళ్ళున నీళ్ళు!

నిజం చెప్పొద్దూ, ఆ ఎండకు మొదట హాయిగానే ఉంది. లేచి బయటపడవచ్చు కదా అంటారు. ఏమని చెప్పుకుంటూ లేవాలి? "సుందరమ్మా, నీ భక్తిని తనిఖీ చేస్తున్నాను, మోటారు కాస్త ఆపు" అనా? చీలమండల దాకానే కదా అనుకున్నాను. చీలమండలు మునిగాక, కూర్చున్నచోటు దాకానే కదా అనుకున్నాను. పరువు గలవాడికి నీళ్ళ మట్టం ఎప్పుడూ ఇంకొక అంగుళం కిందనే కనిపిస్తుంది.

పైన చీపురు చప్పుడు ఆగింది. ఆమె పాట ఎత్తుకుంది. కంజీర లేదు కనుక అరచేతులతో ఏదో వాయించడం మొదలుపెట్టింది. ఆ ఏదో మరేమిటో కాదు, నా నెత్తి మీది చెక్కలే. దుమ్ము, చిన్న చిన్న పురుగులు, ఏళ్ళనాటి కొవ్వొత్తి మైనం, అన్నీ లయబద్ధంగా నా మీద రాలాయి. తరవాత కాళ్ళు కూడా కలిశాయి. దరువు దరువుకూ చెక్క కిందికి వంగి నా నడినెత్తిన మొట్టికాయ వేసింది. దేవుని స్తుతిలో నా తల కూడా ఒక వాద్యం అవుతుందని మా వంశంలో ఎవరూ ఊహించి ఉండరు.

నీళ్ళు నడుము దాటాయి.

అప్పుడు దరువు ఆగింది. ఆమె కూర్చున్న చప్పుడు, నాకు జానెడు పైన. ప్రార్థన మొదలుపెట్టింది. అరుపు లేదు, ఏడుపు లేదు. పక్క గదిలో ఉన్న మనిషితో మాట్లాడినట్టుగా మాట్లాడింది.

"నాయనా, కంజీర లేదు. సెయ్యుంది. సెయ్యి తీసీసినా నాలికుంటాది. నాలిక తీసీసినా ఊపిరుంటాది. ఏదో ఒకటి వాయిస్తాను, నువ్వు ఇను."

నీళ్ళ చప్పుడు. మళ్ళీ ఆమె గొంతు.

"అది మా ఆయన వాయించినాడు, నీకు ఎరికే గదా. ఆయన పోనాక ఆర్నెల్లు నీతో మాటాడనేదు నేను. కోపం. ఆ కోపంలో దాన్ని కొట్టినాను. నిన్ను కొట్టినట్టే కొట్టినాను. కొట్టి కొట్టి, ఎప్పుడో తెల్దు, పాటయిపోనాది. పెద్దయ్యగోరికి అది తెల్దు. ఆయన తప్పేటి లేదు. ఆయనకీ ఏటో పోనాది నాయనా, ఆ వెన్ను సూస్తే తెలస్తాది. ఏడవనేనోడు అలాగే బిగుసుకుపోతాడు. ఆయన్ని కూడా తడుపు."

ఇక్కడే నేను మిమ్మల్ని ఆగమన్నది.

మా ఇల్లు ఇతరుల చేతికి వెళ్ళిన రోజున నాకు పదకొండేళ్ళు. గుమ్మం ముందు బండి మీద సామాను ఎక్కిస్తుంటే మా నాన్నగారు నా భుజం పట్టుకుని, "చూస్తున్నారు. ఏడవకు. నిటారుగా నిలబడు" అన్నారు. నిలబడ్డాను. తరవాత నన్ను ఎవరూ కూర్చోమనలేదు. పెట్టెలు కడిగే ఒక స్త్రీ, నేను కంజీర లాక్కున్న స్త్రీ, ఆ సంగతి నా వెన్ను చూసి కనిపెట్టింది. నోటు పుస్తకం కూడా లేకుండా. చీకట్లో, ఛాతీ లోతు నీళ్ళలో, ముప్పై ఏళ్ళ తరవాత నేను ఏడ్చాను. ఏడ్చానని మీకు రుజువు చేయలేను. మొహం మీద అప్పటికే చాలా నీళ్ళున్నాయి.

ఏడుస్తూ ఉండగా, అయిదు కావస్తోందనగా, పైన ఆమె లేచిన చప్పుడైంది. తరవాత పరుగు. గుమ్మం దాటి పోయింది. ఇదే అదనుగా బయటపడదామని చెక్కను తోశాను. కదల్లేదు! అంతసేపూ ఆమె ఎగిరిన ఎగురుడుకు చెక్కలు ఒకదాన్నొకటి బిగించుకుపోయాయి. ఇంకా తోశాను. ఎవరో వెనక నుంచి నా కోటు లాగుతున్నారు. కోటు అంచు చెక్కల సందులో ఇరుక్కుందని అప్పుడు తెలిసింది. నీళ్ళు గడ్డాన్ని తాకాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు, తొట్టిలో దూరనేల, దేవుణ్ణి పిలవనేల! పిలిచాను. హాలంతా వినబడేలా, రెండు చేతులూ పైకెత్తి, వంశం గింశం మరిచిపోయి పిలిచాను. పైకెత్తిన చేతులకు వెన్ను కూడా తోడై, ఒక్క ఊపుతో చెక్క లేచింది.

చెక్కను నెత్తి మీద పెట్టుకుని నేను నిలువునా లేచేసరికి, ఎదురుగా పాస్టరుగారు, రొప్పుతూ సుందరమ్మ, వాళ్ళ వెనక పాటల సాధనకు వచ్చిన వాళ్ళంతా, అందులో రత్నం.

"భూత్!" అని ఒక పిల్ల కెవ్వున అరిచింది.

రిటైరైన గార్డు దేవదాసు, మా సంఘంలో నాలుక మీద అదుపు లేని మనిషి, ముందుకొచ్చి చూశాడు. "అరే, మన ఆనందం గారు! బాప్తిస్మం రేపు కదండీ. ముందు రోజే వచ్చి సీటు పట్టుకున్నారేంటి? జనరల్ బోగీ అనుకున్నారా?"

పాస్టరుగారు అతన్ని పక్కకు జరిపారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆనందం గారూ! మూడు చుక్కలు చాలవని మీకు అనిపించాలని ఎన్నాళ్ళుగా ప్రార్థించానో! సిగ్గుపడి, ఎవరూ లేనప్పుడు దిగి చూసుకుంటున్నారా?"

అందరూ ఒక్కసారిగా స్తోత్రం అన్నారు. పాఠకులారా, చూడండి ఎంత చక్కటి దారి దొరికిందో. అవునంటే చాలు. నేను దాక్కున్న దొంగను కాదు, దీనుడనైన భక్తుణ్ణి. రేపు హాలంతా నా గురించే సాక్ష్యం. నోరు తెరిచాను కూడా. అప్పుడు పాస్టరుగారు అన్నారు:

"మంచిది. ఈ సంతోషంలోనే ఆ మాట కూడా తేల్చేద్దాం. రేపే ఈస్టరు. సుందరమ్మ కంజీర విషయం మీరేం కనిపెట్టారు?"

సుందరమ్మ తల వంచుకుంది. ఆమె వేళ్ళు కొంగు అంచును చుట్టుకున్నాయి. బీరువా తాళం పాస్టరుగారి జేబులో ఉంది. ఆ తాళానికి తాళం నా నోట్లో ఉంది. ఆమె ఆరాధన నిజమైనదని చెప్పాలంటే అది నాకెలా తెలిసిందో చెప్పాలి. నాకెలా తెలిసిందో చెప్పకుండా ఉండాలంటే ఆమె కంజీర చెదలకు వదిలేయాలి.

కోటులోంచి నీళ్ళు కారుతుండగా నిటారుగా నిలబడి చెప్పాను. "అయ్యగారూ, నేను బాప్తిస్మం కోసం దిగలేదు. ఈమె ఒంటరిగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో చూడాలని దొంగచాటుగా ఇందులో దాక్కున్నాను. చూశాను. ఎవరూ లేరనుకుని పాడింది, ఎవరూ లేరనుకుని ప్రార్థించింది. అందులో ప్రదర్శన లేదు. ప్రదర్శన నాదే. కంజీర ఇచ్చేయండి."

ఎవరూ నవ్వలేదు. దేవదాసు కూడా నవ్వలేదు, అది అన్నిటికంటే భయంకరం. పాస్టరుగారు జేబులో చెయ్యి పెట్టారు.

"ఆగండి అయ్యగోరూ" అంది సుందరమ్మ. మొహం పాలిపోయింది. "అబద్ధం మీద నాకొద్దు. పెద్దయ్యగోరు టంకీలో ఉన్నట్టు నాకు ముందే తెలుసు."

పాస్టరుగారి చెయ్యి జేబులోనే ఆగిపోయింది.

"ఎలా తెలుసు?" అన్నాను.

"బూట్లు గుమ్మం ముందు పెట్టినారు గదండీ, జతగా, గోడ వైపు ముక్కులెట్టి. అలాగ తమరొక్కరే ఎడతారు. లోనికొచ్చి సూస్తే మనిషి లేడు. సెక్కల మజ్జిన నల్ల కోటు ముక్క బయటికుంది."

పెద్దమనిషి దొంగతనానికి వెళ్ళినా చెప్పులు విప్పే వెళతాడని సామెత లేదు. ఇక ముందు ఉండాలి.

"మరి నీళ్ళెందుకు వదిలావమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"నీళ్ళు నింపమని తమరే గదండీ సెప్పినారు. మోకాళ్ళకొస్తే లేస్తారనుకున్నాను. నడుంకొస్తే లేస్తారనుకున్నాను. లేవరే! భయమేసి మోటారు కూడా మర్సిపోయి తమరికోసం పరిగెట్టినాను. తప్పయిపోనాది." ఆమె నా వైపు తిరిగింది. "అంచేత తమరి సాక్ష్యం సెల్లదు పెద్దయ్యగోరూ. ఒంటరిగా ఉన్నాననుకుని పాడనేదు నేను. కంజీర ఇయ్యకపోయినా ఫర్వానేదు, అబద్ధం సెప్పి తీసుకోను."

ఆమె కళ్ళు బీరువా వైపు ఒక్కసారి వెళ్ళి వచ్చాయి. నాకు మాత్రం ఒకటే పట్టుకుంది, నా పాత జబ్బు.

"అంటే నేనున్నానని తెలిసే పాడావా? ఆ పాట, ఆ ప్రార్థన, నా కోసమా?"

సుందరమ్మకు మొదటిసారి కోపం వచ్చింది.

"తమరి కోసమేటండీ! నీళ్ళు తమరికి. పాట ఆయనకి."

దేవదాసు ఇక ఆగలేకపోయాడు. గార్డు ఈల వేసినట్టు ఒక నవ్వు నవ్వాడు. హాలంతా అందుకుంది. ఆ నవ్వులోనే సుందరమ్మ మెల్లగా అంది. "ఒంటరిగా ఉన్నప్పుడు సూద్దామనుకున్నారు. నేనెప్పుడు ఒంటరిగా ఉన్నానండీ?"

పాస్టరుగారు నా వైపు చూశారు. "సాక్ష్యం కొట్టుకుపోయింది ఆనందం గారూ. ఇప్పుడేమంటారు?"

నలభై రోజులు నేను ఆమె కాళ్ళు చూశాను, చేతులు చూశాను, కళ్ళు మూసిందా తెరిచిందా అని చూశాను. తనకు ప్రాణమైన వస్తువు అందబోతుంటే, అబద్ధం మీద వద్దని చెయ్యి వెనక్కి తీసుకున్న మనిషిని చూడలేదు. అంతకంటే నిజమైన ఆరాధన ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

"తాళం ఇలా ఇవ్వండి" అన్నాను. తొట్టిలోంచి ఎక్కి నేనే వెళ్ళి బీరువా తెరిచాను. కంజీరకు చెద పట్టలేదు. కొంచెం వదులైంది. సుందరమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో ఒక్కసారి మీటింది. తరవాత దాన్ని కళ్ళకద్దుకుంది. మోటారు ఒక్కటే తన పని తాను చేసుకుపోతోంది.

"ముందు ఆ మోటారు ఆపండి, తరవాత ఈయన కోటు పిండండి" అంది రత్నం.

ఇప్పుడు ప్రమాణం. జయానందం అనే నేను, రాతి చర్చి కట్టించిన వారి మునిమనవణ్ణి, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా, ఈ పాఠకులందరి ఎదుట ప్రమాణం చేస్తున్నదేమనగా: ఇకమీదట నా ముందు ఎవరు ఎగిరినా, ఏడ్చినా, నేల మీద దొర్లినా, అది ఎవరి కోసమో కనిపెట్టే పని పెట్టుకోను. నా వివేచన అంతా నా మీదే ప్రయోగిస్తాను, అక్కడ దానికి పని ఎక్కువ. ఆరాధనలో చప్పట్లు కొడతాను. నాది ఎప్పుడూ దరువుకు అర క్షణం వెనకే పడుతుందని సుందరమ్మ నవ్వుతుంది, నవ్వనీ. ఇంకొకరి భక్తి ఎంత లోతో చూడాలని మళ్ళీ ఎప్పుడైనా బుద్ధి పుడితే, ముందు నేను దిగిన చోట నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూసుకుంటాను.